తువ్వాలు ఆరిన వైపు

మా మేనమావ పోయి నెల దాటింది. వడదెబ్బ అని డాక్టరు రాశాడు. ఆ మాట వింటే మీకు పొలం గట్టు మీదో, రోడ్డు పక్కనో కూలబడిన మనిషి గుర్తొస్తాడు. మా మావ తన ఇంట్లో, తన మంచం మీద, కరెంటు లేక ఆగిపోయిన ఫ్యాను కింద పోయాడు. ఆ ఇంటి ప్లాను గీసింది నేను.

అత్త ఫోన్ చేసేసరికి మధ్యాహ్నం మూడు. నరసన్నపేటలో నా ఆఫీసులో చల్లగా కూర్చుని ఎవరింటికో ముందు వైపు ఎలివేషన్ దిద్దుతున్నాను. "మీ మావ లేవట్నేదే పాపా, ఒళ్లు కాలిపోతన్నాది," అంది. నేను ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయింది.

మావ తాపీ మేస్త్రి. ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్లలో చాలా ఇళ్లకు ఆయనే గోడలు లేపాడు. పునాదికి ముగ్గు పోయడానికి ముందు ఖాళీ జాగాలో ఆయన ఒక పని చేసేవాడు. నాలుగు వైపులా నాలుగు కర్రలు పాతి, పైన తాటాకు నీడ కట్టి, పాత తువ్వాలు నాలుగు ముక్కలు చేసి, తడిపి, ఒక్కో కర్రకు ఒక్కో ముక్క వేలాడదీసేవాడు. అదీ మంచం ఎత్తులోనే. ఇక ఓ పక్కన కూర్చుని చుట్ట కాల్చుకుంటూ చూసేవాడు. ఏ ముక్క ముందు ఆరితే ఆ వైపు కిటికీ. ఇల్లు కట్టించుకునేవాళ్లకు ఇది ఎంత చాదస్తంగా కనిపించేదో చెప్పలేను. రోజు కూలీ దండగని గొణిగేవారు.

సెలవులకు వెళ్లినప్పుడు ఆ ముక్కలు ముట్టుకుని చూసి చెప్పే పని నాది. "మరీ ఇంత కిందకి ఎందుకు మావా?" అని ఒకసారి అడిగాను. "నిలబడి ఎవుడు పడుకుంటాడే? గాలి పడుకున్నోడికి తగలాల," అన్నాడు. తర్వాత నేను సివిల్ డిప్లొమా చేశాను. గాలి రాకపోకల గురించి మా సారు బోర్డు మీద బాణాలు గీస్తుంటే, ఇదంతా మా మావ చుట్ట కాలుస్తూ చెప్పిందే కదా అనిపించింది. ఇంటికెళ్లి ఆ మాటే చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వి, ఆ రోజు నుంచి నన్ను ఇంజినీరమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు.

తుఫానుకు వాళ్ల పెంకుటిల్లు ఎగిరిపోయాక, బావ శ్లాబు ఇల్లు వేద్దామన్నాడు. బావంటే మావ కొడుకే. ప్లాను నాకు అప్పగించారు. మావ ఎప్పట్లాగే కర్రలు పాతాడు. దక్షిణం వైపు ముక్క మిగతావాటికన్నా చాలా ముందు ఆరిపోయింది. నేను దక్షిణం గోడకు, మోకాలెత్తు నుంచి మొదలయ్యే వెడల్పాటి కిటికీ గీశాను.

బావ చూసి మొహం చిట్లించాడు. "ఇదేటే? ఈ గోడకి టీవీ, షోకేసు వస్తాయి. గాలికేటి, ఏసీ ఎట్టేస్తాం."

చెరిపేశాను. నిజం చెప్పాలంటే, పెద్దగా వాదించలేదు కూడా. మోకాలెత్తు కిటికీ చూసి ఊళ్లో వాళ్లు, చదివింది ఇదేనా అని నవ్వుతారేమోనని నాకూ లోపల సిగ్గుగానే ఉంది. మావ కొత్త ప్లాను చేతిలోకి తీసుకుని, దక్షిణం గోడ గీత మీద ఈ చివర నుంచి ఆ చివరకు వేలు రాశాడు. పునాదులు లేచాక ఆ గోడ తానే కట్టాడు.

గృహప్రవేశం రోజు నన్ను పక్కకు పిలిచాడు. "ఒసే ఇంజినీరమ్మా, ఇప్పుడే ఎవులికీ సెప్పకు. ఆ గోడలో కిటికీ మేర ఇటికలు ఒట్టి మట్టితో పేర్చేను. సిమెంటు ఎట్టనేదు. పైన బరువు ఆపడానికి లింటెల్ కూడా ఉన్నాది. రెండు దెబ్బలేస్తే ఊడొచ్చేస్తాది."

"మరి నువ్వే తీసేయొచ్చు కదా మావా?"

"కొడుకింట్లో నానే గోడ పగలగొడితే బాగుంటాదేటి? ఎండలొచ్చీసరికి నువ్వు ఆడికి సెప్పు. నీ మాటయితే ఇంటాడు."

చెప్తానన్నాను. ఒక్క మాట. ఒక్క పూట పని. మొదటి వేసవి ఏసీ బాగానే నడిచింది కాబట్టి చెప్పలేదు. రెండో వేసవికి మధ్యాహ్నాలు వోల్టేజీ పడిపోయి ఏసీ ఒట్టినే మూలిగేది, శ్లాబు కుంపటిలా ఉండేది. అప్పుడూ చెప్పలేదు. వెళ్లినప్పుడల్లా మావ నా వైపు, తర్వాత షోకేసు వైపు చూసేవాడు. నేను బావ పిల్లల చదువులు అడిగి వచ్చేసేదాన్ని. ఆయన అలిగి ఒక మాట అనుంటే బాగుండేది.

నా దగ్గరికి వచ్చేవాళ్లకు తువ్వాలు సంగతి ఇప్పటికీ చెప్తుంటాను. భలే ఉందే అంటారు. అని, పడమటి వైపు మొత్తం అద్దాలు పెట్టమంటారు. పెడుతున్నాను. వాళ్లను తిట్టే అర్హత నాకు లేదు. ఇక మీదట ఎవరూ కర్రలు పాతరు. ఆ పని తెలిసిన చేతులు పోయాయి, తెలిసి చెయ్యని చేతులు మిగిలాయి.

పెద్దకర్మ రోజు, భోజనాలయ్యాక, బావకు చెప్పేశాను. ఆ గోడలో ఏముందో, నాతో మావ ఏమన్నాడో అంతా. బావ షోకేసులోని పింగాణీ ప్లేట్ల వైపు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఇప్పుడెవులికే అది?" అన్నాడు. "పెద్ద ఏసీ బుక్ సేసేను. రేపు వస్తాది."

నేను బయటికొచ్చాను. అత్త మావ తువ్వాలు ఉతికి దక్షిణం గోడ పక్కన తీగ మీద ఆరేసింది. నా చేతిలో టీ చల్లారేలోపే అది పూర్తిగా ఆరిపోయింది. సముద్రం మీంచి గాలి వచ్చినప్పుడల్లా లేచి, మంచం ఎత్తులో, ఆ గోడను కొట్టుకుంటోంది.