ఎక్కడ నవ్వాలో చెప్పని కామెడీ

నాకు ఇంగ్లీషు వచ్చింది అమెరికన్ కామెడీ సీరియళ్ల వల్లే. కాకినాడలో నర్సింగ్ చదివేటప్పుడు మా హాస్టల్ గదిలో ఒకమ్మాయికి ల్యాప్‌టాప్ ఉండేది. సాయంత్రం భోజనాలయ్యాక నలుగురం ఒకే మంచం మీద ఇరుక్కుని చూసేవాళ్లం. సగం మాటలు అర్థమయ్యేవి కావు. అయినా ఇబ్బంది ఉండేది కాదు. వెనక నుంచి జనం నవ్వులు వినిపించేవి, వాళ్లతో పాటు మేమూ నవ్వేసేవాళ్లం. ఆ సీరియళ్లలో మనుషులు మనసులో ఏముంటే అది పైకి అనేసేవారు. ఎంత గొడవపడ్డా అరగంట తిరిగేసరికి ఒకరినొకరు కౌగిలించుకునేవారు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లంతా అలాగే ఉంటారని నేను నమ్మేశాను.

పెళ్లయ్యాక మా ఆయనకి ఆస్ట్రేలియాలో టూవూంబా అనే ఊళ్లో యూనివర్సిటీ ఉద్యోగం వచ్చింది. నాకూ అక్కడే ఒక ఆసుపత్రిలో పని దొరికింది. మా వార్డుకి పెద్ద నర్సు ఒకావిడ ఉండేది. ఇంగ్లండ్‌లో పుట్టి, వయసులో ఉండగానే ఇక్కడికొచ్చి స్థిరపడిపోయిన మనిషి. అరవై దాటాయి. పొట్టి జుట్టు. ఏం మాట్లాడినా ముఖం కదిలేది కాదు.

చేరిన వారంలోనే ఒకరోజు ఇద్దరు నర్సులు సెలవు పెట్టారు. వార్డంతా నేనే పరిగెత్తాను. డ్యూటీ దిగేటప్పుడు ఆవిడ నా వంక చూసి, "పొద్దుట్నుంచీ నువ్వు ఒక్కసారైనా కూర్చోలేదు. ఇలా చేస్తే మా అందరికీ చెడ్డపేరొస్తుంది," అంది. పెదవి మీద నవ్వు ఆనవాలు కూడా లేదు.

కారు నడుపుతూ దారంతా ఏడ్చాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన పకపకా నవ్వాడు.

"నిన్ను పొగిడిందే పిచ్చిదానా."

"పొగిడేవాళ్లు అలా అంటారా అండీ?"

"ఇక్కడ అలాగే అంటారు. మా డిపార్ట్‌మెంట్‌లోనూ అంతే. మరీ మర్యాదగా మాట్లాడారంటేనే మనం భయపడాలి."

నాకు నమ్మకం కుదరలేదు. మర్నాడు తిన్నగా ఆవిడ దగ్గరికెళ్లి, "నిన్న మీరన్న మాటకి నాకు బాధేసింది. నా పని బాగాలేదా?" అని అడిగేశాను. సీరియళ్లలో అలాగే అడుగుతారు మరి. ఆవిడ గాభరాపడింది. చేతిలో ఉన్న పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది.

"బాగానే ఉంది," అని, "నువ్వు టీవీలో ఏం చూస్తుంటావు?" అంది.

చెప్పాను.

"అదీ సంగతి. ఆదివారం మా ఇంటికి రా."

ఆవిడ ఒక్కతే ఉండేది. టీ పెట్టి, బిస్కెట్ల డబ్బా నా ముందుకి తోసి, పాత బ్రిటిష్ కామెడీ ఒకటి పెట్టింది. చిన్న ఊళ్లో ఒకతను బ్యాండు బృందం నడుపుతుంటాడు. తనకి సంగీతం తెలుసనుకుంటాడు, తెలియదు. వాయించేవాళ్లు ఒక్కొక్కరూ జారుకుంటుంటారు. బ్రిటిష్ వాటిల్లోనూ వెనక నవ్వులు పెట్టేవి చాలానే ఉన్నాయట. ఆవిడ మాత్రం అవి లేనివే ఏరి పెట్టేది.

"ఎక్కడ నవ్వాలండీ?" అన్నాను.

"నీ ఇష్టం. ఎవరూ చెప్పరు."

"చివరికి ఇతను బాగుపడతాడా?"

"దేనికి?"

తర్వాత చాలా ఆదివారాలు వెళ్లాను. ఒకరోజు ఎపిసోడ్‌లో అందరూ వెళ్లిపోయారు. అతను ఖాళీ కుర్చీల ముందు నిలబడి చెయ్యి ఊపి, "ఇవాళ ఒక్క అపశ్రుతి లేదు," అన్నాడు. నేను టీ ఒలికేంత గట్టిగా నవ్వాను. నవ్వుతుంటే కోనసీమలో మా పెద్దనాన్న గుర్తొచ్చాడు. మా నాన్న ఊళ్లో తిరిగి తిరిగి భోజనాల వేళ దాటాక వస్తే, "అప్పుడే వచ్చేశావేంట్రా? అన్నం ఇంకా చల్లారనేలేదు," అనేవాడు అరుగు మీంచి, ఇలాగే ముఖం కదలకుండా. నేను పుట్టి పెరిగిందే ఆ వెటకారంలో. ఇంగ్లీషులో ఎదురయ్యేసరికి పోల్చుకోలేకపోయాను. కాకపోతే మావాళ్ల వెటకారం ఎదుటివాడి మీదకే పోతుంది. ఈ బ్యాండతను తనకి తెలియకుండా తన మీదే వేసుకుంటున్నాడు.

మా పెద్దనాన్న మాట ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను. "మీ పెద్దనాన్నకి మన వార్డు అప్పగించొచ్చు," అంది.

అమెరికన్ సీరియళ్లంటే మాత్రం ఆవిడకి గిట్టేది కాదు. "అరగంటలో అందరూ బాగుపడిపోతారు. ఎక్కడైనా చూశావా?" అనేది. "అలా కావాలని ఆశపడితే తప్పేంటండీ?" అని నేను వాదించేదాన్ని.

మరుసటేడు ఒకరోజు టీ గదిలో కప్పు కడుగుతూ, "కొన్నాళ్లు నన్ను భరించే బాధ తప్పింది నీకు. రొమ్ములో గడ్డట. క్యాన్సరే," అంది. వాటేసుకోవాలనిపించింది. ఆవిడ వీపు నావైపే ఉంది, అటు తిరిగే మాట్లాడుతోంది. నా నోట్లోంచి అనుకోకుండా, "సెలవు కావాలంటే అడిగితే ఇచ్చేవాళ్లు కదండీ, ఇంత పని చేయాలా?" అని వచ్చేసింది. ఆవిడ ఇటు తిరిగింది. భుజాలు కదిలేలా నవ్వింది. అంతకుముందు ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు. తర్వాత దుప్పట్లు పెట్టే గదిలోకెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

కీమోకి నేనే కారులో తీసుకెళ్లేదాన్ని. మా ఆయన పలచగా చారు కాచి ఫ్లాస్కులో పోసిచ్చేవాడు. ఒక మధ్యాహ్నం ఇంటికి తెచ్చి సోఫాలో పడుకోబెట్టి, అలవాటుగా బ్యాండతని ఎపిసోడ్ పెట్టాను.

"అది ఆపు," అంది. "మీది పెట్టు. చివర్లో కౌగిలించుకుంటారే, అది."

పెట్టాను. కథ చివర్లో ఏళ్లుగా మాట్లాడుకోని అక్కాచెల్లెళ్లు కలిసిపోయారు. వెనక జనం 'ఆఁ' అని మురిసిపోయారు. ఆవిడ కళ్లలోంచి నీళ్లు చెవుల మీదకి కారుతున్నాయి. టీవీ మీంచి చూపు తిప్పకుండా నా చెయ్యి పట్టుకుంది.

"పరమ చెత్త. ఇంకోటి పెట్టు."

ఆ సాయంత్రం వరుసగా అవే చూశాం. ఓడిపోయి అక్కడే ఉండిపోయే మనిషిని చూసి నవ్వడానికి ఒంట్లో కాస్త సత్తువ ఉండాలని నాకు అప్పుడు తోచింది. అది లేని రోజున, అరగంటలో అంతా సర్దుకుంటుందని ఎవరో ఒకరు అబద్ధమైనా చెప్పాలి. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఇంటిమీద బెంగతో ఆ సీరియళ్లకి ఎందుకంత అతుక్కుపోయానో కూడా అర్థమైంది.

వైద్యం పనిచేసింది. జుట్టు ఉంగరాలు తిరిగి మళ్లీ మొలిచింది. చలికాలం వెళ్లేసరికి వారానికి రెండు రోజులు వార్డుకి రావడం మొదలుపెట్టింది. మొదటిరోజు టీ గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆవిడ గొంతు సవరించుకుని, నా ముఖంలోకి చూస్తూ, "నువ్వు లేకపోతే నేను తట్టుకోలేకపోయేదాన్ని," అంది.

ఎటు చూడాలో తెలియలేదు నాకు. "టీ తాగండి," అన్నాను.