మా కంప్యూటర్ సంఘంలో ఏడో నిబంధన

ఆ నియమావళిలో ఏడో నిబంధన రాసింది నేనే. ఇంకెవరో రాసి ఉంటే ఈ కోపం ఇన్నేళ్లు ఉండేది కాదేమో.

తెలంగాణ వచ్చిన మూడు నాలుగేళ్ల తర్వాతి మాట. నల్లగొండలో ఒక పీజీ కాలేజీలో ఎమ్మెస్సీ కంప్యూటర్స్ చదువుతున్నాను. మాది చిట్యాల దగ్గర పల్లె. ఒక రోజు మా సార్ పాఠం మధ్యలో ఆపి, కంప్యూటర్ చదువుల్లో మంచి మార్కులు తెచ్చుకునే విద్యార్థుల కోసం చాలా దేశాల్లో ఒక గౌరవ సంఘం ఉందని చెప్పారు. దానికి మన దగ్గర కూడా శాఖ పెట్టుకోవచ్చట. సభ్యులైన వాళ్లకు ఒక సర్టిఫికెట్, చొక్కాకు పెట్టుకునే చిన్న బిళ్ల, పట్టా పుచ్చుకునే రోజు మెడలో వేసుకునే రంగు తాడు ఇస్తారు. శాఖ కావాలంటే ముందు నియమావళి రాసి పంపాలి. సభ్యులు ఎవరు, పదవులు ఏవి, కోరానికి కనీసం ఎంతమంది రావాలి, ఒక నియమాన్ని మార్చాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి, అన్నీ అందులో ఉండాలి.

"కాలేజీని చూడనీకి కమిటీ వస్తది. వాళ్లొచ్చేటాళ్లకు ఇది ఫైల్ల ఉండాలె. టైపు ఎవలు చేస్తరు?" అన్నారు సార్.

నేను చెయ్యి ఎత్తాను. అట్లా కార్యదర్శినయ్యాను.

ప్రధాన కార్యాలయం వాళ్లు ఇంగ్లీషులో ఒక మాదిరి ప్రతి పంపారు. కొన్నిచోట్ల ఖాళీలు వదిలి, మీకు తగ్గట్టు నింపుకోమన్నారు. నాలుగు రోజులు లాబ్‌లో కూర్చుని నింపాను. సార్ మధ్యమధ్య వచ్చి చూసి, "గట్టిగ ఉండాలె. చదివినోళ్లకు ఉత్తుత్తి సంఘం అనిపియ్యద్దు" అనేవారు. గట్టిగా ఉండాలన్నారు కదా అని ఏడో నిబంధన నా సొంతంగా రాశాను. ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోకుండా వరుసగా మూడు సమావేశాలకు రాని వాళ్లు తమ పదవిని వదులుకున్నట్టే లెక్క అని దాని సారాంశం. ఇంగ్లీషులో అది కోర్టు కాగితంలా వచ్చింది. నాకే ముచ్చటేసి నాలుగుసార్లు చదువుకున్నాను. సమావేశాల వేళ ఎవరు నిర్ణయించాలి, అనుమతి ఎవరు ఇవ్వాలి అన్నచోట మాత్రం ఏమీ ఆలోచించకుండా 'సలహాదారు' అని కొట్టాను. సలహాదారు అంటే మా సారే.

అందులో సగం పంక్తులు నాకు అప్పుడు అర్థం కాలేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. నిబంధన రాయడమంటే మంచి వాక్యం రాయడమే అనుకున్నాను.

అధ్యక్ష పదవికి ఎన్నిక పెట్టారు. మా తరగతిలో మొదటి మార్కులు ఒక రామన్నపేట అమ్మాయివి. వాళ్ల నాయన అక్కడి బజారులో దర్జీ. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఇంటర్నెట్ సెంటర్‌లో ఊళ్లోవాళ్ల దరఖాస్తులు నింపే పని చేసి, ఆ తర్వాత ఎమ్మెస్సీలో చేరింది. మాకంటే పెద్దది కాబట్టి అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత పెట్టగానే లాబ్‌కి పోయి, మొదటి సంవత్సరం పిల్లలకు ప్రోగ్రాములు ఎక్కడ తప్పుతున్నాయో చూపించేది. విసుక్కునేది కాదు. ఓట్లు లెక్కపెడితే ముప్పావు వంతు ఆమెకే పడ్డాయి. హాస్టల్లో ఉండే ఒక అబ్బాయి ఉపాధ్యక్షుడయ్యాడు. ధారాళంగా ఇంగ్లీషు మాట్లాడేవాడు. కమిటీ ముందు మాట్లాడటానికి అతనే అధ్యక్షుడు కావాలని సార్‌కు ముందునుంచీ ఉన్నట్టుంది. ఫలితం చదివినప్పుడు ఆయన ముఖం చిన్నబోవడం మేమంతా చూశాం.

మొదటి రెండు సమావేశాలు మధ్యాహ్నం అన్నం వేళ లాబ్‌లోనే జరిగాయి. మూడోదాని నుంచి సాయంత్రం ఐదింటికి, సెమినార్ హాల్లో అని సార్ నోటీసు పెట్టారు. నేనూ అక్కా కలిసి ఆయన గదికి వెళ్లాం.

"సార్, మా బస్సు నాలుగు నలభైకి. అది పోతే చిట్యాలల దిగి ఆటో ఎక్కాలె. ఆటో నిండేదాంక కదలదు. మీటింగు మధ్యాహ్నమే పెట్టుకుందాం సార్" అంది అక్క.

"మధ్యాహ్నం సెమినార్ హాలు దొరకదమ్మా."

"లాబ్‌లనే కూసుందాం సార్, ఎప్పటిలెక్క."

"ఫోటోలు దియ్యాలె గద. లాబ్‌ల ఏం బాగుంటది? అధ్యక్షురాలివైనవ్, జర సర్దుకోవాలె."

ఆమె సర్దుకుంది. ఆ మొదటి సాయంత్రం సమావేశానికి ఉంది. నాకు చిట్యాల దాకా ఏ బస్సయినా చాలు, ఆమెకు అట్లా కాదు. చీకటి పడ్డాక రామన్నపేటలో దిగేసరికి వాళ్ల నాయన దుకాణం మూసేసి బస్టాండులో నిలబడి ఉన్నాడట. పెళ్లిళ్ల రోజులు, చేతినిండా కుట్టుపని ఉన్నప్పుడు. అట్లా పని విడిచి ఆయన ఎదురుచూడటమే తనకు కష్టమైందని చెప్పింది.

తర్వాతి సమావేశానికి ముందే ఆమె సార్‌కు కాగితం రాసిచ్చింది. బస్సు వేళ ఇది, అందుకని ఉండలేను, అనుమతి ఇవ్వండి అని. సార్ దాన్ని తీసుకుని "సూద్దాం" అన్నారు. ఆ తర్వాతి నెలా అంతే. మూడో నెలా అంతే. మూడు కాగితాలూ ఆయన బల్ల సొరుగులోకి పోయాయి. ఒక్కదాని మీద కూడా సంతకం పడలేదు.

ఆమె రాని మూడో సమావేశం అయిన మర్నాడు సార్ నన్ను పిలిచారు. "ఏడో నిబంధన ప్రకారం అధ్యక్ష పదవి ఖాళీ అయింది. లెటర్ తయారు చెయ్యి. కార్యదర్శివి, నువ్వే సంతకం పెట్టాలె."

నేను ఎదురు మాట్లాడలేదు. భయమూ కాదు, గౌరవమూ కాదు. నియమం ఉంది కదా, పాటించాలి కదా అనుకున్నాను, అంతే. మనిషి బుద్ధి అంత మొద్దుబారగలదని అప్పటిదాకా నాకు తెలియదు. ఉత్తరం కొట్టాను, సంతకం పెట్టాను, లాబ్‌లో ఆమె చేతికి ఇచ్చాను. పక్కన ఇద్దరు మొదటి సంవత్సరం పిల్లలు ఆమె చెప్పేది రాసుకుంటున్నారు.

ఆమె మొత్తం చదివింది. నా చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"నంబరు తప్పు పడ్డది. ఆరు కాదు, ఏడు" అని దిద్ది తిరిగి ఇచ్చింది. "సక్కగ కొట్టి తీస్కరా. గిట్ల తప్పుతోని ఫైల్ల పెట్టకు."

నేను మళ్లీ కొట్టి తెచ్చాను. ఇన్నేళ్లలో నేను చేసిన పనుల్లో అంత సిగ్గుపడాల్సింది ఇంకొకటి లేదు.

ఉపాధ్యక్షుడు అధ్యక్షుడయ్యాడు. కమిటీ వచ్చింది, అతను చక్కగా మాట్లాడాడు, ఫోటోలు దిగారు. ఆ తర్వాత వార్షిక నివేదిక రాయడానికి హాజరు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఆ అబ్బాయి పేరు ఎదురుగా వరుసగా నాలుగు గళ్లలో నా చేత్తో నేనే గైర్హాజరు అని రాసి ఉంది. కాలేజీ తరఫున క్రికెట్ ఆడటానికి పోయిన రోజులవి. ఆ నాలుగు గళ్ల మీదా ఆకుపచ్చ సిరాతో 'అనుమతితో' అని, కింద సార్ సంతకం. నేను రాసిన రోజు అవి లేవు.

పుస్తకం పట్టుకుని నేరుగా సార్ గదికి పోయాను.

"సార్, ఈ నాలుగు మీటింగులకు ఆయన రాలేదు. కాయితం గూడ ఇయ్యలేదు."

"కాలేజీ కోసం ఆడిండు గదమ్మా."

"అక్క మూడుసార్లు ముందుగాల్నే కాయితం రాసిచ్చింది సార్."

"ఇచ్చింది. నేను ఒప్పుకోలేదు" అన్నారాయన, ఏమాత్రం తొణక్కుండా. "అనుమతి ఉండాలె అని రాసినవ్. అడిగితే ఇయ్యాలె అని రాసినవా? నిబంధన నీదే గద."

నా ఒళ్లు మండిపోయింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేను రాసిన వాక్యంలో ఆమెకు నిలబడటానికి జాగా లేదు, ఆయనకు కాలు చాపుకుని కూర్చునేంత జాగా ఉంది. పదవులన్నిటికీ ఒకే కొలత అనుకుని రాసినదాన్ని ఆయన ఒకరికి గేటులాగా, ఒకరికి గొడుగులాగా వాడుకున్నారు. అందులో మొదటి పనికి సంతకం నాది.

ఆ ఆదివారం ఇంట్లో మా బాపుకు, అంటే నాయనకు, చెప్పాను. బాపు మా ఊరి పాల సంఘంలో సభ్యుడు. కంప్యూటర్ సంగతి తెలియదు కానీ మీటింగుల సంగతి ఆయనకు బాగా తెలుసు. బర్రె పాలు పిండుతూనే విన్నాడు.

"మీటింగు పిల్వనీకి మీ కాయితంల దారి ఉన్నదా?"

"ఉన్నది బాపు. పదకొండోది. ఐదో వంతు మంది సంతకం పెడితే ప్రత్యేక సమావేశం పెట్టాలె. వేళ గూడ వాళ్లే చెప్పొచ్చు."

"పెట్టు. కని కోరం గాకుంట చేస్తరు, సూడు. సంతకం పెట్టినోళ్లందరు రారు బిడ్డా. మనిషి మనిషి కాడికి పోయి అడుగు."

అడిగాను. వారం రోజులు మెట్ల మీద, క్యాంటీన్లో, బస్టాపులో ఒక్కొక్కరినీ పట్టుకుని జరిగింది చెప్పాను. ఇరవై ఎనిమిది మంది సభ్యుల్లో పదకొండు మంది సంతకం పెట్టారు. ఏడు రోజుల ముందే నోటీసు బోర్డు మీద అంటించాను. సమావేశం అన్నం వేళ, లాబ్‌లో.

బాపు అన్నట్టే అయింది. సరిగ్గా ఆ రోజు, ఆ గంటకే సార్ మొదటి సంవత్సరం వాళ్లకు ఇంకో లాబ్‌లో ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు. మా సభ్యుల్లో చాలామంది వాళ్లే. కోరానికి పద్నాలుగు మంది కావాలి. గడియారం చూస్తూ కూర్చున్నాం. పదమూడు మందిమి ఉన్నాం.

పద్నాలుగో మనిషి ఎక్కడుందో నాకు తెలుసు. అక్క పదవి పోయింది కానీ సభ్యత్వం పోలేదు. లైబ్రరీకి పరుగెత్తాను. ఆమె ఏదో పుస్తకంలోంచి రాసుకుంటోంది.

"అక్కా, ఒక్కలు తక్కువైన్రు."

"నా గురించి పెట్టిన మీటింగుకు నేనే వచ్చి కూసోవాల్నా?"

"నీ గురించి కాదక్కా. రేపు ఇంకో పిల్ల వస్తది, గదే బస్సుకు."

ఆమె పుస్తకం మూసి లేచింది. "కోరం కోసం వస్త. గంతే."

వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. నేను సవరణలు చదివాను. సమావేశాలు తరగతులు జరిగే వేళల్లోనే పెట్టాలి. అనుమతి అడిగిన కాగితానికి మూడు రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే. ఎవరికి ఎందుకు అనుమతి ఇచ్చారో సమావేశంలో చదివి వినిపించాలి. ఆ తర్వాత హాజరు పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. అందరూ లేచి వచ్చి ఆకుపచ్చ సిరా చూశారు. అధ్యక్షుడైన అబ్బాయి కూడా చూశాడు.

"నేను అడగలే. సారే రాసిండు" అన్నాడు, నేల చూస్తూ. అతని మాట నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. సవరణలకు అతను కూడా చెయ్యి ఎత్తాడు. వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి, అంటే పది ఓట్లు; పన్నెండు పడ్డాయి. అతను మళ్లీ లేచి, "నేను దిగిపోత. అక్కనే కూసోమనుండ్రి" అన్నాడు.

అందరం వెనక్కి తిరిగి చూశాం. అక్క లేచి నిలబడింది.

"నాకొద్దు. నేను పదవి అడగలే, మీరే ఓట్లేసి పెట్టిన్రు. తీసేసేటప్పుడు ఒక్కలు గూడ ఎందుకు అని అడగలే. ఇప్పుడు నాకు మధ్యాహ్నం పిల్లలతోని పనున్నది."

ఆ మాట నా వైపు చూడకుండా అంది. చూసి అన్నా బాగుండేది.

సవరణలు సార్ పైకి పంపలేదు. పాత ప్రతే ఫైల్లో ఉంచారు. అది తెలిసి, అందరి సంతకాలున్న కొత్త ప్రతిని స్కాన్ చేసి నేనే ప్రధాన కార్యాలయానికి పంపాను. నమోదు చేసుకున్నామని రెండు పంక్తుల జవాబు వచ్చింది. ఆ తర్వాత సమావేశాలు మధ్యాహ్నమే జరిగాయి. మేం వెళ్లిపోయాక కూడా అట్లాగే జరుగుతున్నాయని జూనియర్లు చెప్పారు. అక్క ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. పండుగలకు ఫోన్ చేసుకుంటాం. ఆ ఉత్తరం గురించి ఒకసారి క్షమించమని అడిగితే, "ఇడిసిపెట్టు పిల్లా, అయిపోయిన ముచ్చట" అంది. ఆమె విడిచిపెట్టిందేమో. నాకు చేతకాలేదు.

నిరుడు యాదగిరిగుట్టలో దర్శనం చేసుకుని మెట్లు దిగుతుంటే సార్ ఎదురుపడ్డారు. జుట్టు పూర్తిగా నెరిసింది. సంతోషంగా నన్ను ఆపి, భార్యకు చూపించారు.

"మన స్టూడెంటే. మా సంఘానికి నియమాలు మొత్తం ఈమెనే రాసింది. మస్తు తెలివిగల్ల పిల్ల."

నమస్కారం పెట్టాను. ఊరుకుందామనుకున్నాను, ఊరుకోలేకపోయాను.

"సార్, మేం ఓట్లేసిన అధ్యక్షురాలు, రామన్నపేట అక్క, ఇప్పుడు మహబూబ్‌నగర్‌ల లెక్చరర్."

ఆయన నిజంగానే ఆలోచించారు. కనుబొమలు ముడిచి, ఆకాశంలోకి చూసి, తల అడ్డంగా ఊపారు.

"ఎవలమ్మా? అధ్యక్షుడు గా క్రికెట్ పిల్లగాడు గద. అమ్మాయెవలు లేకుండెనే."

నటించడం కాదది. ఆయనకు నిజంగా గుర్తులేదు. మూడు కాగితాలు సొరుగులో వేసుకున్నది, ఆకుపచ్చ సిరాతో గళ్లు దిద్దింది, పరీక్ష పెట్టి పిల్లలను ఆపింది, ఏదీ గుర్తులేదు. నేను అక్కడే, వెనక వచ్చేవాళ్లు పక్కకు జరగమంటున్నా వినకుండా, మెట్ల మీద నిలబడి ఆయనకు మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.