వైరస్ వేషం ఎవరికీ ఇవ్వని మేడం

ఫక్రున్నీసా మేడంకి ఒకటే పిచ్చి. నలుగురు మనుషులు కనిపిస్తే చాలు, నేల మీద ముగ్గుతో పెద్ద గుండ్రం గీసి, అందరినీ అందులోకి నెట్టి జీవకణం ఆట ఆడిస్తారు. ఒక పెళ్లిలో పెళ్లికొడుకునే కేంద్రకం చేసి నడుమ నిలబెట్టారు. ఖాజీగారు కణం గోడలో నిలబడే నిఖా చదివారు.

గోదావరిఖనిలో ఆమె దగ్గర జువాలజీ చదివినవాళ్లలో గొప్పవాణ్ణి నేనే. ఇంటర్ మధ్యలో మానేశానంటే, నాకు చెప్పడానికి కాలేజీలో ఇంకేమీ మిగల్లేదు మరి. ఆటలో నేను మైటోకాండ్రియాను, అంటే కణానికి కరెంటిచ్చేవాణ్ణి. నేను చేతులూపితే రామగుండం పవర్ స్టేషన్ కాసేపు ఆగి నన్ను చూసి నేర్చుకునేది.

వైరస్ వేషం మాత్రం మేడం ఎవరికీ ఇచ్చేవారు కాదు.

"మంచి వేషం ఎప్పుడూ మీకేనా మేడం?"

"నోర్మూసుకొని కరెంటియ్యి!"

పోయిన ఎండాకాలం రఘుపతి చెరువులో చేపలన్నీ చచ్చి తెల్లగా తేలాయి. గనిలో డ్యూటీ దిగాక బతుకంతా ఆ చెరువు మీదే పెట్టుకున్న మనిషి. పక్కనే అతీక్ మెకానిక్ షెడ్డు. "వీడే ఏదో కలిపిండు" అని గుంపు కర్రలతో షెడ్డు మీదికి కదిలింది. అతీక్ గుమ్మంలో నిలబడ్డాడు.

అప్పుడొచ్చారు మేడం, ముగ్గు డబ్బాతో.

"కర్రలున్నోళ్లంత గోడ. గోడంటే చెయ్యి చెయ్యి పట్టుకోవాలె. కర్రలు కింద పెట్టకుంట ఎట్ల పట్టుకుంటరు?"

ఒకప్పుడు ఆమె క్లాసులో నిలబడ్డవాళ్లే. కర్రలు కిందపడ్డాయి. కర్రల్లేనివాళ్లు పనోళ్లుగా గుండ్రంలోకి వచ్చారు, నేను మామూలుగానే మైటోకాండ్రియాను.

"మేడం, గీ అతీక్‌ను వైరస్ చెయ్యుండ్రి!" అన్నాడు రఘుపతి.

"అది నాది, రఘుపతన్నా."

దుపట్టా కప్పుకుని గోడలోంచి దూరారు. "నాకు చేతుల్లేవు, పనోళ్లు లేరు. నా దగ్గరున్నది నా నమూనా ఒక్కటే. గీ కణంల పనోళ్లు దాన్ని మేనేజరు హుకుం అనుకుంటరు. మీరు దాని నకళ్లు తియ్యుండ్రి. గా పక్కోళ్లు చొక్కాలు కుట్టుండ్రి. ఒక్కో నకలుకు ఒక్కో చొక్కా తొడిగితే ఇంకో నేను తయారు. మస్టర్ల హాజరు లేదు, జీతం లేదు, షిఫ్టు మీద షిఫ్టు. కణం నిండినంక గోడ తెంపుకొని పక్క కణంలకు పోత."

నేను నీరసించి గొప్పగా కూలిపోయాను. ఎవరూ నవ్వలేదు. మా వెనకే చెరువుంది.

"మరి చెరువులకెట్ల వచ్చిందమ్మా?" రఘుపతి గొంతు తగ్గింది. ఎవరో తెచ్చిస్తే పరీక్ష చేయించకుండా వదిలిన కొత్త చేపపిల్లలు అతనికి గుర్తొచ్చినట్టున్నాయి. అందరి కళ్లూ రఘుపతి వైపే తిరుగుతున్నాయి.

"వచ్చింది నేను గద. తిట్టేదుంటే నన్ను తిట్టుండ్రి. మత్స్యశాఖోళ్లు చేపలు పరీక్షకు తీస్కపోయిండ్రు. రిపోర్టు వచ్చేదాక ఎవరి పేరూ తియ్యద్దు."

రిపోర్టులో వైరసే తేలింది. అతీక్ మోటారు పెట్టి చెరువు తోడాడు, రోగం చావడానికి రఘుపతి అడుగున సున్నం చల్లాడు. ఇద్దరూ ఒకే గొడుగు కింద కూర్చుని చాయ్ తాగారు.

తర్వాత అడిగాను. "ఆ వేషం ఎవ్వరికీ ఎందుకియ్యరు మేడం?"

"మన ఊర్ల ఒక్కసారి పేరు పడితే పోతదా, మైటో?"

నా అసలు పేరు మా ఆవిడక్కూడా గుర్తులేదు.

ఇప్పటికీ బజార్లో పిల్లలు "వైరస్ మేడం, సలాం!" అని అరుస్తారు. ఆమె ఆగి, దుపట్టా సర్దుకుని, ఒక్కొక్కరికీ విడివిడిగా సలాం తిరిగి పెడతారు.