మూడు వందల నాలుగు గారు

మా అపార్ట్‌మెంటులో నీళ్ళ మోటార్లు చూసే మనిషిని అందరం పంపు అనే పిలిచేవాళ్ళం. పంపు, ఇటు రా. పంపూ, మా బాత్రూములో ధార సన్నగా వస్తోంది, చూడు. నలభై ఏడేళ్ళ మనిషికి అదేం పిలుపని మాలో ఎవరికీ తోచలేదు. అతనూ తోచనివ్వలేదు. ఎవరైనా కాస్త గట్టిగా అడిగితే అతని చూపు చెప్పుల మీదికి దిగేది, మాట పెదవి దాకా వచ్చి వెనక్కి పోయేది. రోజంతా నీళ్ళు తోడే మనిషి, నోరు విప్పాల్సి వస్తే నీళ్ళు నమిలేవాడు.

అతని భార్య కూడా మా దగ్గరే పనిచేసేది. ఆరంతస్తుల వరండాలూ తుడిచి, గుమ్మాల ముందు పెట్టిన చెత్తబుట్టలు కిందికి దింపేది. ఆవిడకి జంకు లేదు. "మా ఆయనకి చేతులిచ్చి, నాలుక నాకిచ్చాడు దేవుడు" అని నవ్వేది.

304లో ఒక బ్యాంకు ఆఫీసరు ఉండేవాడు, ఎవరితోనూ అంతగా కలవని మనిషి. బదిలీ మీద వేరే ఊరికి వెళ్తూ ఇంటికి తాళం వేసి, తాళంచెవినీ, నంబరుతో సహా తన పాత ఫోనునూ పంపు చేతిలో పెట్టాడు. "ఇల్లు ఓ కంట కనిపెట్టు. గ్రూపులో నాకు పనికొచ్చేది ఏదైనా వస్తే చెప్పు" అన్నాడు. గ్రూపంటే మా అపార్ట్‌మెంటు వాళ్ళ వాట్సాప్ గ్రూపు. అందులో ఆ నంబరుకు బి-304 అనే పేరు, ముఖం ఉండాల్సిన చోట ఒక కొండ బొమ్మ. ఆఫీసరు వెళ్ళిపోయిన సంగతి సగం మందికి తెలియదు. తెలిసినవాళ్ళకు అతను ఎక్కడుంటే ఏమిటి, ఫ్లాటు యజమానేగా.

కొన్ని నెలలు పంపు చదివాడే తప్ప రాయలేదు. ఒకసారి ఆరో అంతస్తుకు రెండు రోజులు చుక్క నీరు రాలేదు. పైన ట్యాంకు చూస్తే నిండుగా ఉంది. పంపు సెక్రటరీ ఇంటికి వెళ్ళి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"సార్, దిగే పైపులో గాలి... అందుకని పైవాళ్ళు కుళాయిలు..."

"నిన్నెవరడిగారు? ఇంజనీరుకి ఫోన్ చేశాం, వస్తాడు. నువ్వెళ్ళు."

వెళ్ళాడు. మోటారు గదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని అదే మాట ఫోనులో రాశాడు. "పైపులో గాలి చేరింది. ఆరో అంతస్తు వాళ్ళంతా కుళాయిలన్నీ ఒకేసారి విప్పి పది నిమిషాలు వదిలేయండి." రాయడంలో అతనికి తడబాటు లేదు. చదువు మధ్యలో ఆగినా చేతిరాతకి బడిలో పేరు తెచ్చుకున్నవాడు. అరగంటలో కుళాయిలు దగ్గి, ఉమ్మి, ధార కట్టాయి. సెక్రటరీ గ్రూపులో రాశాడు: "304 గారూ, మీ అనుభవానికి నమస్కారం."

ఆ నమస్కారాన్ని ఎన్నిసార్లు చదువుకున్నాడో అతను నాకు చెప్పలేదు గానీ, అది ఏ వారం ఏ పూట వచ్చిందో మాత్రం చెప్పాడు.

ఆ తర్వాత మాకు 304 గారు లేనిదే పొద్దుపోయేది కాదు. పార్కింగు తగాదా వస్తే ఆయనే తీర్పరి. గోడలకి ఏ రంగు వేయాలన్నా ఆయన మాటే. సూటిగా, కాస్త ఎకసెక్కంగా రాసేవాడు. "నేను మీతో ఏకీభవించను" అని సెక్రటరీకే రాశాడు ఒకసారి. అదే రోజు పొద్దున సెక్రటరీ కారుకు దారిచ్చి గోడకి అతుక్కుపోయి నిలబడిందీ అతనే. ఈ ఇద్దరూ ఒకే చొక్కాలో ఉన్నారని మాకెలా తెలుస్తుంది? నేనూ ఓసారి మా వంటింటి కుళాయి గురించి 304 గారిని సలహా అడిగాను. ఆయన చెప్పిన ప్రకారం బాగుచేయడానికి వచ్చింది పంపే. "ఆయన చెప్పినట్టే చెయ్యి, తెలివి చూపించకు" అన్నాను. సరేనండి అన్నాడు.

వానాకాలంలో లిఫ్టు గొడవ మొదలైంది. ఐదో అంతస్తు డాక్టరమ్మ రాసింది: లిఫ్టులో తడి బకెట్లు, చెత్త వాసన, మా అత్తగారు జారిపడబోయారు, పనివాళ్ళని మెట్ల మీదే వెళ్ళమనాలి. కొందరు ఔనన్నారు, కొందరు పాపం అన్నారు. సగం సగం అయ్యేసరికి సెక్రటరీ అడిగాడు: "304 గారూ, మీ మాటేమిటి?"

పంపు అప్పుడు మోటారు గదిలోనే ఉన్నాడు. వాళ్ళూ మనుషులే కదా అని రాశాడు. చెరిపేశాడు. 304 గారికి పనివాళ్ళ మీద ఇంత ప్రేమ ఎందుకని ఎవరైనా అడిగితే? వాళ్ళ పక్షాన రాస్తే తన ముఖం బయటపడిపోతుందనిపించింది. చివరికి ఇలా రాశాడు: "ఇళ్ళవాళ్ళకు ఇబ్బంది లేకుండా పనివాళ్ళు మెట్లు వాడటమే మంచిది. వాళ్ళకు అలవాటే."

ఆ చివరి మాట ఎవరూ అడగలేదు. అది అతనంతట అతనే కలిపాడు. నలభై మంది బొటనవేళ్ళు ఎత్తారు. అందులో ఒకటి నాది.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య మోకాళ్ళకు నూనె రాసుకుంటూ అంది. "వాళ్ళకి అలవాటేనంట. ఎవడో పెద్దమనిషి రాశాడని సెక్రటరీ చదివి వినిపించాడు. వాడి పెళ్ళాం ఒక్కరోజు ఆరంతస్తులు ఎక్కి దిగితే తెలిసొచ్చేది."

అతను గోడకేసి తిరిగి పడుకున్నాడు.

పదో రోజున ఆవిడ రెండు చేతుల్లో రెండు బుట్టలతో దిగుతూ, నాలుగో అంతస్తు కింద తడి మెట్టు మీద జారింది. మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని బయటి బల్ల మీద కూర్చున్నప్పుడు అతను చెప్పాడు.

"అది రాసింది నేనే."

"ఏది?"

"అలవాటే అని."

ఆవిడ కట్టు ఉన్న చేతిని ఒళ్ళోకి తీసుకుంది. తిట్టలేదు. తిడుతుందనే అతను ఎదురుచూశాడు.

"ఆ ఫోనులో నీకు భలే మాటలొస్తాయన్నమాట" అంది. "మరి అక్కడే చెప్పు, తప్పు రాశానని. నాకు చెప్తే నా చెయ్యి అతుక్కుంటుందా?"

మర్నాడు మధ్యాహ్నం మా ఫోన్లన్నీ మోగాయి. "నేను 304 కాదు. మోటార్లు చూసే మనిషిని. లిఫ్టు గురించి తప్పు రాశాను. నా భార్య మెట్ల మీద పడింది. ఆ నియమం తీసేయమని అడుగుతున్నాను."

నాలుగు నిమిషాలకు సెక్రటరీ ఆ నంబరును గ్రూపులోంచి తీసేశాడు. తర్వాత సాయంత్రం దాకా రాతలే రాతలు. మన మాటలన్నీ చదివేశాడన్నారు. ఇది మోసం, పోలీసులకి చెప్పాలన్నారు. డాక్టరమ్మ అడిగింది: "అయితే పైపులో గాలి చేరిందన్నదీ వాడేనా? ఎందుకైనా మంచిది, ఇంజనీరుతో ఒకసారి చూపిద్దాం." దానికి ఇరవై మంది ఔనన్నారు. విరిగిన చేతి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నేను ఎత్తబోయాను. ఎవరూ రాయనిది నేనెందుకని ఫోను పక్కన పెట్టి టీ పెట్టుకున్నాను.

ఆ వారమే అతన్ని పనిలోంచి తీసేశారు. పాత ఫోనును బ్యాంకు ఆఫీసరు మనిషిని పంపి తెప్పించుకున్నాడు. లిఫ్టు నియమం మాత్రం అలాగే ఉంది. తీర్మానం అందరిదీ కదా, ఎవరు మొదలుపెడితేనేం అన్నాడు సెక్రటరీ.

రెండేళ్ళ తర్వాత మా మోటారు కాలిపోతే దాన్ని తీసుకుని రివైండింగు షాపుకు వెళ్ళాను. రాగితీగ చుడుతూ అతను కనిపించాడు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడబోయాడు, వద్దన్నాను. మోటారు తయారయ్యేదాకా తల ఎత్తకుండా ముక్కలు ముక్కలుగా ఇదంతా చెప్పాడు. అతని గొంతు అంతసేపు వినడం నాకదే మొదటిసారి. నేనూ బొటనవేలు ఎత్తానని చెప్పాను. "తెలుసండీ" అన్నాడు. "ఎవరెవరు ఎత్తారో అన్నీ చూశాను."

"మీ ఆవిడ ఎలా ఉంది?"

మణికట్టు సరిగ్గా అతుక్కోలేదట. బట్ట పిండటానికి చెయ్యి సహకరించదు. అందుకని పొద్దున్నే ఇంట్లో బట్టలన్నీ అతనే ఉతికి, పిండి, ఆరేసి షాపుకు వస్తాడు. ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. ఒకప్పుడు వీధి మొదట్నుంచీ వినిపించే గొంతు, ఇప్పుడు ఆ కాసేపట్లో ఒకే ఒక మాట అంటుందట.

"ఇంకా నీరుంది, మళ్ళీ పిండు."