పైడి ఫైలు

హిందీ మాట్లాడే ఖుర్సీపార్‌లో మా కంప్యూటర్ సెంటర్‌కి ప్రోగ్రాములు రాసేది రజనీకుమారి. తొంభై అయిదులో మా దగ్గరున్నవి డాస్ మెషిన్లు. కొనేవాళ్లలో సగం మందివి యూనిక్స్. తెర మీది అక్షరాలు చెరపడానిక్కూడా రెంటికీ పద్ధతి వేరు. అందుకని ప్రతి ప్రోగ్రామూ రెండేసి కాపీలు. ఒకదాన్లో తప్పు దిద్ది రెండోదాన్లో మర్చిపోయేది. తిట్లు మాత్రం ఫోనెత్తే నాకు.

ఒకరోజు వాళ్లమ్మ పైడితల్లితో బజారుకెళ్లింది. ఆవిడ బేరమంతా విజయనగరం తెలుగే. కూరలమ్మి దగ్గర ముందు 'దీదీ' తగిలిస్తుంది, బట్టల కొట్లో 'భయ్యా' తగిలిస్తుంది, అంతే. పని జరిగిపోతుంది.

మర్నాడే రజని, మెషిన్‌ని బట్టి మారే ముక్కలన్నీ ఏరి ఒక్క ఫైల్లో పెట్టేసింది. మిగతాదంతా ఎక్కడైనా ఒకటే. ఆ ఫైలుకి 'పైడి' అని పేరు పెట్టింది. ఫోన్లో తిట్లు ఆగి నాకు ప్రాణం లేచొచ్చింది.

టిఫిన్ డబ్బా ఇవ్వడానికొచ్చిన పైడితల్లికి ఆ సంగతి నేనే చెప్పాను.

"నా పేరెందుకెట్టినావే?" అందావిడ కూతురితో.

"ఏ మెషిన్‌ని ఎలా పిలవాలో ఆ ఫైలుకే తెలుసమ్మా. మెషిన్ మారితే నిన్నొక్కదాన్నే మారుస్తాను."

"ముప్పై ఏళ్లయినా మీ నాన్న వల్లే అవలేదు, నీ వల్ల అవుద్దేటి," అని డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.