పాత పేటకు నీళ్ళ బండి

"కొళాయి మూయొద్దక్కా. లైను కదలాల."

"నీళ్ళు నేలపాలైతాండాయి, కనపడలేదా నీకు?"

"కారితే కారనీ. నాలుగ్గంటలకు బండి తీయాల, ఆర్డరు."

"నీళ్ళు మోసినోళ్ళు ఆ మాట అనరప్పా."

ఒక కరీబియన్ దీవి రాజధానిలో దిగిన మూడో రోజు అది. నేను ఐక్యరాజ్యసమితి శాంతి సేనకు పోయిన మహిళా దళంలో వంటకు చేరినదాన్ని. చదువు ఏడో తరగతి దాకే. నెత్తిన నీలి హెల్మెట్టు, ఒంటిమీద తొమ్మిది కిలోల జాకెట్టు. నన్ను ట్యాంకరు కొళాయికాడ నిలబెట్టినారు. డ్రైవరు మా పక్కూరు కురుగోడు ఆయప్పే. పోట్లాడుకోను మన మాటన్నా దొరికింది.

తెల్లోళ్ళు కట్టిన పాత పేట. చెక్క వసారాలు, మందపు గోడలు, మన పక్క టౌనులో బ్రూస్‌పేట పాతిండ్ల మాదిరే. భూకంపానికి సగం కూలినాయి. గాలి లేదు. ట్యాంకులో ఐదువేల లీటర్లు. రెండింటికి మొదలుపెట్టినాము.

అప్పటికే మా ఊరు కూరెకుప్పలో గనుల లారీల దుమ్ముకు బావి ఎర్రబారింది. రెండు బిందెలు దొరికితే ఆ పూట గడిచినట్టు. అందుకే నా చెయ్యి ఊరకుండలేదు. బక్కెట్టు నిండగానే కట్టేస్తాను. ఇంకోటి కింద పెట్టినాకనే తిప్పుతాను. కొళాయి మర బిగుసుకొని ఉండె, తిప్పినప్పుడల్లా రెండు చేతులూ కావాల.

మూడున్నరకు రేడియోలో కమాండరమ్మ. "ఇంకా ఎంతమంది?"

"నలభై దాకా మేడం. మా అక్క చుక్కచుక్కకూ బొట్టు పెట్టి పంపుతాంది."

"నాలుగుకు కదలండి. పొద్దుగూకితే ఆ దారిలో కాల్పులు."

నాలుగైంది. ఇంకా పదహారు మంది ఉండారు. ఆఖరున పచ్చగౌను ముసలామె ఖాళీ డబ్బా ఎత్తి చూపింది. భాష రాదు. రేపు అని చేత్తో సైగ చేసినాను.

క్యాంపుకు పోయి ట్యాంకులో కర్ర దించి చూస్తే వెయ్యి లీటర్ల పైనే నీళ్ళు ఉండాయి.

"చూడప్పా, మిగిలినాయి."

"ఎవరికి మిగిలినాయక్కా?"

ఏడాదికి ఊరు చేరినాను. లారీలు అట్లే తిరుగుతాండె. మనవరాండ్లకు ఆ హెల్మెట్టు సంగతి చెప్తాను. నీళ్ళు మిగిలినాక మరుసటి పొద్దు సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ పొద్దు ఏడింటికి మళ్ళీ పాత పేటకు పోయినాము. కూలిన ఇంటి వెనక తెల్లోళ్ళ కాలంనాటి లోతు నేలతొట్టి ఉండాది. అడుగున వాననీళ్ళు. పచ్చగౌను ఆమె వాటికోసం రాత్రే వంగినట్టుంది, అంచు విరిగి లోపల పడింది. నలుగురు తాడేసి పీనుగను తీసి రోడ్డుపక్కన పండబెట్టినారు. ఒక కాలికి చెప్పు లేదు. పక్కింటామె తన చెప్పు విడిచి ఆ కాలికి తొడిగింది. ఒంటి చెప్పుతో వచ్చి మా బండికాడ లైన్లో నిలబడింది.