తాళం బయట, పిల్లలు లోపల

నాకు అనుమానం ఎక్కువ. ఇంట్లో వాళ్లు దీన్ని జబ్బంటారు, నేను వృత్తి అంటాను. రోగి సిగరెట్ మానేశానంటే జేబు వైపు చూడటం, మాత్రలు వేసుకుంటున్నానంటే ఏ రంగువో అడగటం నాకు ఊపిరి పీల్చినంత అలవాటు. అందుకే మా మెడికల్ కాలేజీ పెద్దాయన నన్ను గదికి పిలిచి, ఆరోగ్య వ్యవస్థలూ ఉమ్మడి వృత్తి విద్యా అనే కొత్త విభాగం పెడుతున్నామనీ దానికి నేనే అధిపతిననీ నవ్వుతూ చెప్పినప్పుడు, సంతోషం కంటే ముందు ఒక ప్రశ్న వచ్చింది. ఈయన ఎందుకు నవ్వుతున్నాడు?

పని చెప్పుకోవడానికి బాగానే ఉంది. మా కాంపౌండులో డాక్టరు చదివేవాళ్లు, నర్సింగ్ వాళ్లు, ఫార్మసీ వాళ్లు, ఫిజియోథెరపీ వాళ్లు అందరూ ఉన్నారు. కానీ క్యాంటీన్లో బల్లలు వేరు, బస్సులో సీట్లు వేరు, ఒకరి పేరు ఒకరికి తెలియదు. రేపు ఒకే మంచం చుట్టూ నిలబడాల్సిన వీళ్లకు ఇప్పుడే ఒకే రోగిని కలిసి చూడటం నేర్పాలి. కాలేజీని తనిఖీ చేయడానికి వచ్చేవాళ్లు ఈ మధ్య దీని గురించి అడుగుతున్నారని తర్వాత తెలిసింది. నవ్వు అర్థమైంది. నాకిచ్చిన గది అంతకుముందు విరిగిన కుర్చీలు పడేసే గది. వాటిలో కొన్ని ఇంకా అక్కడే ఉన్నాయి.

మొదటి వారమే నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపల్ వచ్చింది. జహీరాబాద్ వైపు మనిషి, చర్చిలో పాటలు పాడే మంచి గొంతు, కాని ఆ రోజు ఆ గొంతులో పాటేమీ లేదు. కూర్చోకుండానే అడిగింది.

"ఒక్క మాట అడుగుత మేడం, ఏమనుకోవద్దు. కలిసి చదువుడంటే మా పిల్లలు మీ పిల్లల ఎనక ట్రే పట్టుకొని తిరుగుడేనా?"

"కాదండీ."

"గట్లయితే ముందట నడిచేదెవరు?"

టీ తెప్పించాను. ఇద్దరం ఒకరినొకరు కనిపెట్టుకుంటూ తాగాం. ఆఖరికి ఆమె ఒక షరతు పెట్టింది. ఏ ఇంటికి పోయినా తలుపు కొట్టేది తన పిల్లలే. ఆడవాళ్లు నర్సును చూసి తలుపు తీస్తారు, డాక్టర్ని చూసి కొంగు సర్దుకుంటారు అని ఆమె లెక్క. ఒప్పుకున్నాను. ఆ షరతులో ఇంకేదైనా మెలిక ఉందేమోనని పటేల్‌గూడలో మా ఇల్లు చేరేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

నాలుగు చదువుల నుంచి నలుగురిని తీసి జట్టు కట్టాం. ఒక్కో జట్టుకు ఒక్కో ఇల్లు, ఏడాది పొడవునా అదే ఇల్లు. ప్రతి గురువారం పొద్దున పోయి ఆ ఇంట్లో వాళ్ల ఒంట్లో ఎలా ఉందో చూడాలి, మధ్యాహ్నం నా గదికి వచ్చి చెప్పాలి. ఇళ్ల కోసం రింగ్ రోడ్డు పక్కన ప్రభుత్వం కట్టిన డబుల్ బెడ్‌రూం కాలనీని ఎంచుకున్నాం. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు అక్కడ చాలామంది ఉంటారు.

ఒక జట్టు గురించే నేను చెప్పాలనుకుంటున్నది. వాళ్లకు పడిన ఇంట్లో ఒకామె, భర్త ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ, బడికిపోయే ఒక కూతురు. ఆమెకు షుగర్ ఉంది, కుడికాలి చిటికెన వేలి కింద మానని పుండు ఉంది. మొదట్లో ఆ జట్టు నా గదిలో పోట్లాడుకోని గురువారం లేదు. ఆమె మాత్రలు సరిగ్గానే వేసుకుంటోందని మెడికో అనేవాడు. మాత్రల షీటు పోయిన వారం ఎలా ఉందో అలాగే ఉందని ఫార్మసీ అమ్మాయి అనేది. లిఫ్టు నడవదు, ఆ కాలితోనే మెట్లెక్కి దిగుతుంటే పుండు ఎలా మానుతుందని ఫిజియో అబ్బాయి విసుక్కునేవాడు. నర్సింగ్ అమ్మాయి ఆఖర్న మాట్లాడేది.

"అక్క మనకు చెప్పిన పేరొకటి, పక్కింటోళ్లు పిలిచే పేరొకటి మేడం..." అని ఒక రోజు మొదలుపెట్టింది. మెడికో ఆమె వైపు చూశాడు. ఆ పిల్ల ఆగిపోయింది.

ఆ తర్వాతి గురువారం నుంచి పోట్లాటలు లేవు. "అంత మంచిగనే ఉంది మేడం." నలుగురి నోటా అదే మాట. డాక్టరూ నర్సూ ఫార్మసిస్టూ అన్ని విషయాల్లో ఏకాభిప్రాయానికి రావడం నా సర్వీసులో నేను చూడలేదు. వీళ్లు అసలు కాలనీకే పోవడం లేదు, హైవే మీద బిర్యానీ హోటల్లో కూర్చుని వస్తున్నారు అని తేల్చుకున్నాను. వేళ్లకు బిర్యానీ రంగు అంటిందేమోనని చేతులు కూడా చూశాను, దాచడం ఎందుకు.

ఒక గురువారం ఎవరికీ చెప్పకుండా బయల్దేరాను. కాలేజీ వాళ్ల తెల్ల బొలెరో, ముందు అద్దానికి కాలేజీ బోర్డు. పటాన్‌చెరు దాటేటప్పుడు ఫ్యాక్టరీల వాసనకు డ్రైవర్ అద్దాలు ఎక్కించాడు, రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు మీదికి వచ్చాక దించాడు. కాలనీ గేటు దగ్గర అరుగు మీద కూర్చున్నవాళ్లు కారును చూసి ఫోన్లు తీశారు. బ్లాకు ముందు దిగేసరికి పైన వరండాలో ఎవరో పరుగెత్తిన చప్పుడు. మెట్లెక్కుతుంటే ఒక్కో తలుపూ మూసుకుంటోంది. ఒక ఇంటికి బయట తాళం ఉంది, లోపల కుక్కర్ విజిల్ వేస్తోంది.

నేను వెతుకుతున్న ఇంటికీ తాళమే. ఎదురింటామె గుమ్మంలో గోంగూర ఒలుస్తూ కూర్చుని ఉంది.

"ఈ ఇంట్లో వాళ్లు ఏరమ్మా?"

"ఊరికి వొయిన్రు."

"ఎప్పుడు?"

"ఎప్పుడో వొయిన్రు."

"తాళం ఇంకా ఊగుతోంది కదమ్మా?"

"గాలికి."

ఆ వరండాలో గోంగూర ఆకు కూడా కదలడం లేదు. తాళం వేసిన గుమ్మం పక్కన చెప్పుల మధ్య తెల్లటి నర్సింగ్ బూట్లు కనిపించాయి. నేను మెడికోకు ఫోన్ చేశాను. లోపల ఫోన్ మోగింది, వెంటనే గొంతు నొక్కినట్టు ఆగింది.

"మేడం," గుసగుసగా అన్నాడు, "కాలేజీలనే ఉన్నం మేడం. లైబ్రరీల."

ఇందాకటి కుక్కర్ విజిల్ ఫోన్లోనూ వినిపించింది. "లైబ్రరీలో కుక్కర్ ఎవరు పెట్టారు?"

ఈసారి తలుపు అవతల నుంచి నర్సింగ్ అమ్మాయి గొంతు వచ్చింది. "మేడం, మీరొక్కరేనా? ఎంబడి ఆఫీసోళ్లు గిట్ల వచ్చిన్రా?"

"ఏ ఆఫీసు వాళ్లు?"

అప్పుడు చెప్పారు, తలుపు సందులోంచి, ఒకరి మాట ఒకరు అందుకుంటూ. ఈ ఇల్లు ప్రభుత్వం ఇచ్చింది ఈమెకు కాదు, ఇంకెవరికో. వాళ్లు పని దగ్గరని వేరే చోట ఉంటారు, ఈమె కుటుంబం ఇక్కడ కిరాయికి ఉంటోంది. అలా ఇవ్వకూడదు, ఉండకూడదు. తెల్ల కారులో ఎవరైనా వచ్చి ఇంట్లో ఎంతమంది, ఎవరి పేరు అని అడిగితే అది తనిఖీ అని అర్థం, పట్టుబడితే ఇంటికి సీలు వేస్తారు. అందుకే గేటు దగ్గర కారు కనిపించగానే ఫోన్లు పోతాయి, పక్కింటివాళ్లు బయట తాళం వేస్తారు. మా పిల్లలు మొదటి రోజు అడిగిన ప్రశ్నలూ అవే. ఎంతమంది, ఎవరి పేరు, ఎన్నాళ్లుగా. ఆమె భయపడి ఇంటి అసలు మనిషి పేరే తన పేరని చెప్పింది.

"మరి ఇదంతా నాకెందుకు చెప్పలేదు?"

"మీరు నెలనెల సంగారెడ్డి కలెక్టరేట్ల మీటింగ్‌కు పోతరు గద మేడం," అన్నాడు మెడికో.

నాకు ఒళ్లు మండింది. నేను అనుమానించడం వేరు. నన్ను అనుమానించడం, అదీ నా విద్యార్థులు, నా మొహానికి కూడా కాదు, తలుపుకు అటువైపు నుంచి! గట్టిగా ఏదో అనబోయాను. నర్సింగ్ అమ్మాయి అననివ్వలేదు.

"మేడం, అక్క కాలు నల్లవడ్డది. నిన్నటి సంది జ్వరం. మేం చెప్పీ చెప్పీ పరేషానైతున్నం, దవాఖానకు రానంటుంది. అక్కడ యాడ ఉంటవని అడుగుతరు, చెప్తే ఇల్లు పోతదని."

కోపం ఎక్కడికి పోయిందో పోయింది. షుగర్ ఉన్న మనిషికి పాదం నల్లబడి జ్వరం వచ్చిందంటే ఇక రేపు మాపు అనడానికి లేదు. ఆలస్యమైతే వేలితో ఆగదు, పాదం పోతుంది, కాలు పోతుంది, ఒక్కోసారి మనిషే పోతుంది. తాళం తీయమని ఎదురింటామెను అడిగాను. ఆమె తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"ఆమె తియ్యమంటెనే తీస్త."

అప్పుడు మొదటిసారి ఆ మనిషి గొంతు విన్నాను. జ్వరంతో తడబడుతోంది, కాని భయపడటం లేదు.

"మేడం, మీరు ఇల్లు సూడనీకి వచ్చిన్రా, కాలు సూడనీకి వచ్చిన్రా?"

నిజం చెప్పాలంటే నేను రెండింటికీ రాలేదు, పిల్లల్ని పట్టుకోవడానికి వచ్చాను.

"కాలు చూడటానికే అమ్మా."

"అయితే ముందుగాల ఆ కారు పంపుండ్రి."

కారుకు భయపడటం నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు మా పొలాల గట్టున కారు ఆగి, చొక్కా జేబులో పెన్ను పెట్టుకున్నవాళ్లు దిగితే మా నాన్న పని వదిలేసి గట్టు మీదికి వచ్చి నిలబడేవాడు. కొలతలకు వచ్చారా, ఊరికే వచ్చారా అని ముందు అదే అడిగేవాడు. ఊరికే వచ్చామన్నవాళ్లను ఇంకా ఎక్కువ అనుమానించేవాడు. ఆ పొలాల్లో ఇప్పుడు ఏదో కంపెనీ గోదాము ఉంది. నేను డ్రైవర్‌కు ఫోన్ చేసి వెళ్లిపొమ్మన్నాను. ఎదురింటామె వరండా గోడ మీంచి వంగి, బొలెరో గేటు దాటి మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు తాళం తీసింది.

లోపల ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నర్సింగ్ అమ్మాయి కట్టు విప్పుతోంది. ట్రే మా మెడికో చేతిలో ఉంది, ఆ పిల్ల ఏది అడిగితే అది అందిస్తున్నాడు. ఫార్మసీ అమ్మాయి జ్వరం చూస్తోంది. ఫిజియో అబ్బాయి పాత చెప్పుకు పుండు తగిలే చోట రంధ్రం కోసి మెత్తటి గుడ్డ కుట్టాడు, అది మంచం కింద ఉంది. నేను కాలేజీలో బోర్డు మీద బాణాలు గీసి ఎంత చెప్పినా రానిది ఇక్కడ జరుగుతోంది. నాకు తెలియకుండా, నన్ను తప్పించుకోవడానికి. గర్వంగా ఉంది, కళ్లలో నీళ్లు తిరిగేంత కష్టంగానూ ఉంది. ఆలస్యమైతే కాలే పోతుందని నేను చెప్పాక ఆమె వస్తానంది. ఇద్దరు అబ్బాయిలు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించారు. ఎలా పట్టుకోవాలో ఫిజియో అబ్బాయి చెబుతుంటే మెడికో నోరెత్తకుండా విన్నాడు.

అందరం రెండు ఆటోల్లో ఇరుక్కుని ఎక్కాం. నేనూ నర్సింగ్ అమ్మాయీ ఆమెకు చెరోపక్క. ఇంద్రేశం దగ్గర గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకునేది, రోడ్డు బాగుండగానే వదిలేసేది.

"దవాఖానల ఏం పేరు చెప్పాలె?" అని అడిగింది.

"నీ పేరే చెప్పమ్మా."

"ఇల్లు యాడ అంటే?"

నేను నోరు తెరవకముందే నర్సింగ్ అమ్మాయి అంది. "ఆధార్ల నారాయణఖేడ్ దిక్కు మీ ఊరుంది గదక్కా, అదే చెప్పు. అబద్ధం కాదు గద." ఆ మాట వాళ్లు ముందే ఆలోచించి పెట్టుకున్నారని తెలుస్తూనే ఉంది. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రమే ఆపరేషన్ అయింది. రెండు వేళ్లు పోయాయి, పాదం నిలిచింది. డిశ్చార్జ్ తర్వాత వాళ్లు ఆ ఇల్లు మారారు. జట్టు మాత్రం గురువారం గురువారం పోతూనే ఉంది.

"ఇప్పుడెక్కడ ఉంటోంది?" అన్నాను ఒకసారి.

"దగ్గర్నే మేడం."

"దగ్గరంటే?"

"ఆటో దూరమే మేడం. పుండు మానింది. నడుస్తుంది." నలుగురూ నా బల్ల వైపు చూస్తూ నిలబడ్డారు. నేను కొన్నాళ్లు వాళ్లతో ముభావంగా ఉన్నాను. ఆటోలో చెయ్యి పట్టుకుని కూర్చున్నదాన్ని, నాకు కూడా చెప్పరా అనిపించేది. వాళ్లు పట్టించుకోలేదు.

ఆ తర్వాత కలెక్టరేట్‌లో నెలవారీ సమావేశం. మా కార్యక్రమాన్ని అందరూ మెచ్చుకున్నారు. బయటికి వస్తుంటే ఒక అధికారి నన్ను ఆపారు. మర్యాదస్తుడు, మా పిల్లల కష్టం గురించి మనస్ఫూర్తిగానే మాట్లాడారు.

"మేడం, మీ పిల్లలు ఆ కాలనీల ఇల్లిల్లు తిరుగుతున్నరు గద. ఇల్లొచ్చినోళ్లు ఎవరు, కిరాయికి ఉన్నోళ్లెవరు, వాళ్లకు ఎరుకుంటది. జెర మీరు మాకు చెప్తే మా పని అల్కగైతది."

తలుపు అవతల ఆ నలుగురూ భయపడింది అచ్చంగా ఈ ప్రశ్నకే. ఇది నన్ను వెతుక్కుంటూ వస్తుందని నాకంటే ముందు వాళ్లకు తెలుసు. ఆమె ఇల్లు నాకు తెలిసి ఉంటే నా మొహం ఏం చెప్పేదో నాకు తెలియదు, అబద్ధమాడటం నాకు బొత్తిగా చేతకాదు.

"మా పిల్లలు నాకేమీ చెప్పరు సార్," అన్నాను.

ఆయన నవ్వి, పిల్లల్ని కాస్త అదుపులో పెట్టుకోమన్నారు. అలాగేనన్నాను.